మోటారు మార్చే ముందు... గేజ్ ముల్లు చూడండి

మొయినాబాద్: వేసవి సెలవులు మొదలయ్యే వేళకు నగర శివార్లలోని తోట ఇళ్లలో ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. శనివారం సాయంత్రం పిల్లాపాపలతో కుటుంబం చేరుకుంటుంది. ఈత కొలనులో నీరు పచ్చగా పాచి పట్టి ఉంటుంది. మోటారు పనిచేయడం లేదని కాపలాదారు చెబుతాడు. కబురందుకుని వచ్చిన మెకానిక్ స్విచ్ వేసి, శబ్దం విని, మోటారు పోయిందని తేల్చేస్తాడు. కొత్త మోటారు బిగిస్తారు. పది రోజులు తిరగకుండానే మళ్లీ అదే శబ్దం, అదే పాచి. రెండో మోటారు కూడా వేడెక్కిన తరువాత గానీ, పంపు ముందున్న జల్లెడ మూత కింద రబ్బరు రింగు చిట్లిందన్న సంగతి బయటపడదు. మోటారు ఖరీదు ముందు ఆ రింగు ఖరీదు లెక్కలోకి వచ్చేది కాదు.

చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్, శంషాబాద్ ప్రాంతాల్లో ఒకప్పుడు పెద్ద రిసార్టులకే పరిమితమైన ఈత కొలనులు ఇప్పుడు విడి ఇళ్లలోనూ, తోటల్లోనూ వెలుస్తున్నాయి. గొయ్యి తవ్వి, కాంక్రీటు పోసి, నీలం పలకలు అతికించే దాకా యజమాని దగ్గరుండి చూసుకుంటాడు. ఆ నీటిని శుభ్రంగా ఉంచే యంత్రాల సంగతి మాత్రం ఎవరో చూసుకుంటారులే అని వదిలేస్తాడు. కొలను అందమంతా పైకి కనిపించేదే గాని, దాని ప్రాణం మాత్రం మూత వేసిన చిన్న పంపు గదిలో ఉంటుంది. ఆ గదిలో ఏది ఏమి చేస్తుందో తెలిస్తే సగం ఖర్చు తగ్గుతుంది. తెలియకపోతే పోయేది డబ్బు మాత్రమే కాదు.

నీరు నడిచే దారి

కొలను నీరు రెండు చోట్ల నుంచి పంపుకు చేరుతుంది. ఒకటి, నీటిమట్టం దగ్గర గోడలో ఉండే స్కిమ్మర్. ఆకులు, పురుగులు, నూనె తెట్టు వంటి పైపై మాలిన్యాన్ని ఇది లాగుతుంది. రెండోది, అడుగున ఉండే మెయిన్ డ్రెయిన్. ఈ రెండు దారులూ కలిసి పంపు ముందున్న స్ట్రెయినర్ బుట్టలోకి వస్తాయి. పారదర్శకమైన మూత ఉన్న ఈ బుట్ట వెంట్రుకలను, ఆకులను ఆపుతుంది. అక్కడి నుంచి నీరు పంపు చక్రంలోకి, ఆపైన ఒత్తిడితో ఇసుక ఫిల్టరులోకి వెళుతుంది. ఇసుకలోంచి వడకట్టుకుని, గోడల్లోని ఇన్‌లెట్ల ద్వారా తిరిగి కొలనులో పడుతుంది.

ఈ దారిని పంపుకు ముందు, పంపుకు తరువాత అని రెండు భాగాలుగా గుర్తుంచుకుంటే చాలు. ముందున్నది లాగే వైపు. అక్కడ చిన్న కంత పడితే నీరు బయటికి కారదు, బయటి గాలి లోపలికి వస్తుంది. తరువాత ఉన్నది నెట్టే వైపు. అక్కడ కంత పడితే నీరు బయటికి చిమ్ముతుంది. కారే చోటు కంటికి కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఎవరైనా బాగుచేస్తారు. గాలి లాగే చోటు కనిపించదు కాబట్టే నిందంతా మోటారు మీద పడుతుంది.

ఎంత కొలనుకు ఎంత మోటారు?

పెద్ద మోటారు వేస్తే నీరు త్వరగా శుభ్రపడుతుందన్నది మనవారిలో బలంగా ఉన్న నమ్మకం. బోరు మోటారు లెక్క ఇక్కడ పనికిరాదు. ఉదాహరణకు 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.35 మీటర్ల లోతు ఉన్న కొలనులో సుమారు 43 వేల లీటర్ల నీరు పడుతుంది. ఇంటి కొలనులో ఈ నీరంతా ఆరు నుంచి ఎనిమిది గంటల్లో ఒకసారి ఫిల్టరు గుండా తిరగాలన్నది సాధారణంగా పాటించే లెక్క. ఆరు గంటలు అనుకుంటే గంటకు దాదాపు 7,200 లీటర్లు పంపు చేయాలి. పైపుల్లోనూ ఫిల్టరులోనూ కలిగే నిరోధం కలుపుకుని పది మీటర్ల హెడ్ వద్ద ఇంత నీరు ఇవ్వగల పంపు చాలు. ముప్పావు హెచ్‌పీ, మహా అయితే ఒక హెచ్‌పీ పూల్ పంపు ఈ పని చేస్తుంది.

ఫిల్టరును కూడా పంపుకు తగినట్టే ఎంచుకోవాలి. అర మీటరు వ్యాసం ఉన్న ఇసుక ఫిల్టరు గంటకు ఏడెనిమిది వేల లీటర్లను చక్కగా వడకడుతుంది. దానికి రెండు హెచ్‌పీ పంపు తగిలిస్తే నీరు ఇసుకను చీల్చుకుని దారి చేసుకుంటుంది. మురికి ఇసుకలో ఆగక మళ్లీ కొలనులోకే వచ్చి పడుతుంది. కరెంటు ఖర్చు రెట్టింపు, నీరు మాత్రం మునుపటికన్నా మసక. లాగే వైపు పైపు సన్నగా ఉంటే ఇంకో ఇబ్బంది. ఇంత నీటికి లాగే వైపు 63 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ఉంటే పంపు హాయిగా నడుస్తుంది. నాలుగు డబ్బులు మిగులుతాయని సన్నపైపు వేసి, పైగా అరడజను ఎల్బోలు తిప్పితే పంపు జీవితాంతం ఆయాసపడుతూనే ఉంటుంది.

ఇంకొక సంగతి. నీరంతా ఒకసారి తిరిగింది అంటే ప్రతి చుక్కా వడకట్టుకుందని అర్థం కాదు. వడకట్టిన నీరు మళ్లీ పాత నీటిలోనే కలుస్తుంది గనుక, ఒక విడత పూర్తయ్యేసరికి నిజంగా ఫిల్టరు చూసి వచ్చిన నీరు 63 శాతం మాత్రమే. రెండు విడతలకు అది 86 శాతానికి చేరుతుంది. అందుకే ఎండాకాలంలో, పిల్లలు దిగే రోజుల్లో పంపును ఎనిమిది నుంచి పది గంటలు నడపడం అవసరం. ఒక హెచ్‌పీ మోటారు గంటకు ఇంచుమించు ఒక యూనిట్ కరెంటు తీసుకుంటుంది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున నెలకు 240 యూనిట్లు. ఈ ఖర్చు భారమనుకునే వారికి వేగం తగ్గించుకోగల పంపులు ఉన్నాయి. వేగం సగానికి తగ్గితే నీరు సగానికి తగ్గుతుంది గాని, కరెంటు దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సగం వేగంతో రెట్టింపు సేపు నడిపినా లాభమే.

పంపు గది ఎక్కడ?

కొలనుకు దగ్గరగా, నీటిమట్టానికి కొంచెం అటూ ఇటూ ఉండే స్థలం పంపుకు శ్రేష్ఠం. మన ప్రాంతంలో చూపులకు అడ్డు రాకూడదని పంపును భూమిలో గొయ్యి తీసి, పైన మూత వేసి దాచడం ఆనవాయితీ అయింది. కొలను నీటికన్నా పంపు కింద ఉండటంతో నీరు దానంతట అదే చేరుతుంది. నీళ్లు పట్టించే బాధ ఉండదు. అంతవరకు మేలే. జూలైలో ఒక పెద్ద వాన పడితే మాత్రం ఆ గొయ్యే బావి అవుతుంది. మోటారు నిలువునా మునుగుతుంది. గొయ్యిలోనే ఉంచక తప్పదనుకుంటే అడుగున చిన్న గుంట, అందులో నీరు తోడే చిన్న పంపు, మోటారు కింద ఒక అడుగు ఎత్తు దిమ్మె, గాలి ఆడేందుకు రెండు వైపులా కిటికీలు ఉండాలి. స్విచ్ బోర్డును గొయ్యిలో కాకుండా పైన గోడకు బిగించాలి.

పంపు నీటిమట్టానికి దిగువన ఉంటే దానికి రెండు వైపులా వాల్వులు తప్పనిసరి. లేకపోతే బుట్ట శుభ్రం చేద్దామని మూత విప్పిన మరుక్షణం కొలను నీరు గదిలోకి పొంగుతుంది. పంపు నీటిమట్టానికి ఎగువన ఉంటే, పాత వ్యవసాయ బావుల మీది మోనోబ్లాక్ మోటారుకు బిందెతో నీళ్లు పోసి పట్టించినట్టే, స్ట్రెయినర్ కుండను నీటితో నింపి, మూత బిగించి ఆపైన స్విచ్ వేయాలి. నీరు లేకుండా కొద్ది నిమిషాలు తిరిగినా లోపలి మెకానికల్ సీల్ మాడిపోతుంది.

క్లోరిన్ డబ్బాలు, యాసిడ్ క్యాన్లు పంపు గదిలోనే పెట్టడం మరో చెడు అలవాటు. ఆ ఆవిరి మోటారు లోహాన్ని, బోర్డులోని తీగలను నెలల్లో తినేస్తుంది.

ముల్లు చెప్పే మాట

ఇసుక ఫిల్టరు మీద గడియారం వంటి చిన్న ప్రెజర్ గేజ్ ఉంటుంది. పంపు గదిలో అన్నిటికన్నా చవకైనది, అన్నిటికన్నా తెలివైనది అదే. దురదృష్టవశాత్తు చాలా ఇళ్లలో దాని అద్దం పగిలి, ముల్లు తుప్పు పట్టి ఉంటుంది. ముందుగా దాన్ని మార్పించుకోవాలి.

ఫిల్టరు పూర్తిగా శుభ్రంగా ఉన్న రోజున, పంపు నడుస్తున్నప్పుడు ముల్లు ఎక్కడ నిలిచిందో చూసి, ఆ అంకెను ఫిల్టరు మీదనే పెయింటుతో రాసి ఉంచాలి. అది చదరపు సెంటీమీటరుకు 0.8 కిలోలు అనుకుందాం. ఇక మీదట ప్రతి తగాదాను ఆ అంకెతో పోల్చి తీర్చుకోవచ్చు.

ముల్లు 0.8 నుంచి 1.3 లేదా 1.5 దాకా పెరిగిందంటే అడ్డంకి నెట్టే వైపు ఉంది. నూటికి తొంభై పాళ్లు ఇసుకలో మురికి నిండి ఉంటుంది. బ్యాక్‌వాష్ చేయాలి. బ్యాక్‌వాష్ చేసినా ముల్లు దిగకపోతే కొలనులోకి వెళ్లే వాల్వు సగం మూసి ఉందేమో చూడాలి. అదీ కాకపోతే ఇసుక గడ్డకట్టి ఉండవచ్చు. మన ప్రాంతపు బోరు నీటిలో సున్నపు పాలు ఎక్కువ. ఆ సున్నం ఏళ్ల తరబడి ఇసుక రేణువులను సిమెంటులా అతికిస్తుంది. ఫిల్టరు ఇసుకను అయిదారేళ్లకు ఒకసారి మార్చాలనడానికి ఇదొక కారణం. మార్చేటప్పుడు ఫిల్టర్ల కోసమే జల్లించి అమ్మే 0.5 నుంచి 0.8 మిల్లీమీటర్ల గట్టి ఇసుకనే వాడాలి. ఇంటి కట్టడానికి తెచ్చిన వాగు ఇసుక పోస్తే అందులోని మన్ను వారం రోజుల్లో తన గుణం చూపిస్తుంది.

ముల్లు 0.8 నుంచి 0.3కు పడిపోయిందంటే తప్పు లాగే వైపు ఉంది. పంపుకు కావలసినంత నీరు అందడం లేదు. మొదట స్కిమ్మర్ బుట్ట, తరువాత స్ట్రెయినర్ బుట్ట తీసి చూడాలి. వేప, గుల్‌మొహర్ చెట్ల కింద కట్టిన కొలనులకు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ రెండు బుట్టలూ రోజూ నిండుతాయి. బుట్టలు శుభ్రంగా ఉంటే కొలను నీటిమట్టం చూడాలి. స్కిమ్మర్ నోటికి సగం కన్నా కిందికి నీరు దిగితే అది నీటితోపాటు గాలిని మింగుతుంది. ఇవేవీ కాకపోతే పంపు చక్రంలో చింతగింజో, వెంట్రుకల చుట్టో ఇరుక్కుని ఉండవచ్చు.

ముల్లు వణుకుతూ పైకీ కిందికీ ఊగుతుంటే, ఇన్‌లెట్లలోంచి బుడగలు వస్తుంటే, స్ట్రెయినర్ మూతలోంచి చూసినప్పుడు నీరు తెల్లగా మరుగుతున్నట్టు ఉంటే అది గాలి. మూత కింది ఓ-రింగును తీసి తుడిచి, చిట్లిందేమో వేలితో తడిమి, సిలికాన్ గ్రీజు రాసి బిగించాలి. ఆయిల్ గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది, వాడరాదు. అప్పటికీ గాలి ఆగకపోతే పంపు నడుస్తుండగా లాగే వైపు జాయింట్ల మీద గడ్డం గీసుకునే నురగ పూయాలి. ఎక్కడ నురగ లోపలికి పీల్చుకుపోతుందో అక్కడే కంత. పంపులోకి వెళ్లే మరతో బిగించిన అడాప్టర్ వద్దనే ఇది ఎక్కువగా దొరుకుతుంది. నీరు లేకుండా తిరిగినప్పుడు వేడెక్కి ఆ ప్లాస్టిక్ మర కుంచించుకుపోతుంది.

పంపులో గులకరాళ్లు గిలకరించినట్టు శబ్దం వస్తే బేరింగులు పోయాయని చెప్పేవారున్నారు. అది చాలాసార్లు నీరు చాలక చక్రం దగ్గర ఏర్పడే ఆవిరి బుడగలు పగిలే శబ్దం. బేరింగులు పోయినప్పుడు వచ్చేది కీచుమనే ఏకధాటి శబ్దం. ఈ రెంటి తేడా చెవికి తెలిస్తే ఒక మోటారు మిగిలినట్టే.

బ్యాక్‌వాష్ చేసే తీరు

ఫిల్టరు మీద ఆరు స్థానాలున్న మల్టీపోర్ట్ వాల్వు ఉంటుంది. దాని పిడిని తిప్పే ముందు మోటారును ఆపాలి. ఈ ఒక్క మాట కాపలాదారుకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. మోటారు నడుస్తుండగా పిడి తిప్పితే లోపల చక్రం ఆకులా ఉండే రబ్బరు గ్యాస్కెట్ లేచిపోతుంది. అప్పటి నుంచి కొలను నీరు కొంచెం కొంచెంగా మురుగు పైపులోకి పోతూనే ఉంటుంది. కొలను అడుగున పగులు ఉందని పలకలు తవ్వించుకున్న వారిలో కొందరి అసలు జబ్బు ఈ గ్యాస్కెట్టే.

మోటారు ఆపి, బ్యాక్‌వాష్ స్థానానికి తిప్పి, గాజు గొట్టంలో నీరు తేటపడే దాకా రెండు మూడు నిమిషాలు నడపాలి. మళ్లీ ఆపి, రిన్స్ స్థానంలో అర నిమిషం నడపాలి. ఈ రెండో అంకాన్ని ఎగ్గొడితే కదిలిన మురికి నేరుగా కొలనులో పడుతుంది. ఒక్కో బ్యాక్‌వాష్‌కు 300 నుంచి 400 లీటర్ల నీరు పోతుంది. తోటలో పాదులకు పెట్టవచ్చుగాని, క్లోరిన్ ఎక్కువ వేసిన మరునాడు మాత్రం వద్దు.

గుంయ్‌మని ఆగిపోతే...

స్విచ్ వేయగానే మోటారు గుంయ్‌మంటూ తిరగకుండా నిలిచి, కాసేపటికి ట్రిప్ అయితే మూడు కారణాలు వెదకాలి. కెపాసిటర్ చచ్చిపోయి ఉండవచ్చు. నెలల తరబడి ఆపి ఉంచినందువల్ల చక్రం బిగుసుకుని ఉండవచ్చు. లేదా వోల్టేజీ చాలకపోవచ్చు. కరెంటు పూర్తిగా తీసేసిన తరువాత వెనుక ఫ్యాన్ వైపు నుంచి ఇరుసును చేత్తో తిప్పి చూస్తే రెండోది తేలిపోతుంది. కెపాసిటర్‌ను మాత్రం ఎలక్ట్రీషియనే ముట్టాలి. స్విచ్ ఆపినా అందులో కరెంటు నిలువ ఉంటుంది.

వోల్టేజీ తక్కువంటే అందరూ ట్రాన్స్‌ఫార్మర్‌ను తిడతారు. దోషం చాలాసార్లు మన ఆవరణలోనే ఉంటుంది. ఇంటి నుంచి పంపు గదికి 60 మీటర్ల దూరం ఉందనుకుందాం. అంత దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగితే, మోటారు తిరగడం మొదలయ్యే క్షణంలో దాదాపు 40 వోల్టులు తీగలోనే ఖర్చవుతాయి. అసలే 190 వోల్టులు వచ్చే ఊళ్లో మోటారు చేతికి 150 అందుతుంది. అది లేవలేక మూలుగుతుంది. అదే 4 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే నష్టం 15 వోల్టులకు తగ్గుతుంది. మోటారు రెండుసార్లు కాలిన ఇంట్లో మూడో మోటారు కొనే ముందు తీగ మందం చూడటం మంచిది. మూడు ఫేజుల మోటారు ఉన్నవారు మరొకటి గమనించాలి. కేబుల్ కోసి తిరిగి కలిపిన తరువాత పంపు నడుస్తున్నా నీరు సన్నగా వస్తుంటే ఫేజులు తారుమారై చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు లెక్క.

పంపుకూ మోటారుకూ మధ్య చుక్కచుక్కగా నీరు కారితే మెకానికల్ సీల్ పోయిందని అర్థం. అది చిన్న పనే, వెంటనే చేయించాలి. వదిలేస్తే ఆ నీరు బేరింగులోకి, అక్కడి నుంచి వైండింగులోకి పాకుతుంది. అప్పుడు నిజంగానే మోటారు పోతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన రిపేరు

నీరు, కరెంటు, ఒంటి మీద బట్టలు లేని తడి మనిషి. ఈ మూడూ ఒకచోట చేరే స్థలం కొలను. కాబట్టి పంపు, లైట్ల లైనుకు ప్రత్యేకంగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. ఎక్కడైనా కరెంటు దారి తప్పి నీటిలోకో, మనిషిలోకో పోతే రెప్పపాటులో సరఫరాను తెగ్గొట్టేది అదే. మామూలు ఎంసీబీ ఆ పని చేయదు. అది తీగను కాపాడుతుంది, మనిషిని కాదు.

వానాకాలంలో ఆర్‌సీసీబీ పదే పదే పడిపోతుంది. పిల్లలు వచ్చిన రోజే పడిపోతుంది. విసిగిపోయిన యజమాని పిలిపించగా వచ్చిన వ్యక్తి దాన్ని తప్పించి నేరుగా లైను కలిపి వెళతాడు. పంపు తిరుగుతుంది, అందరూ సంతోషిస్తారు. పంపు గదిలో జరిగే రిపేర్లన్నిటిలో ఇంతకు మించి ప్రాణాంతకమైనది లేదు. ఆర్‌సీసీబీ పడిపోతోందంటే ఎక్కడో కరెంటు లీకవుతోందని అది చెబుతున్నట్టు. లైట్ల లైను విడదీసి ఒకసారి, మోటారు లైను విడదీసి ఒకసారి వేసి చూస్తే లీకు ఎటువైపు ఉందో అరగంటలో తెలుస్తుంది. నీరు చేరిన లైటు పెట్టె, గొయ్యిలో నానుతున్న కేబుల్ జాయింటు సాధారణంగా దొరికే దోషులు.

మోటారు ఒంటికి ఎర్త్ తీగ, ఆ తీగ చివర సరైన ఎర్త్ గుంత ఉండాలి. ఎర్తింగ్ ఎలా ఉండాలో ఐఎస్ 3043 ప్రమాణం వివరిస్తుంది. వేసవిలో ఎర్త్ గుంత ఎండిపోతే అది ఉండీ లేనట్టే. వారానికి ఒకసారి నీళ్లు పోయాలి. నిచ్చెన, చేతి పట్టీలు, లైటు చట్రం, పంపు వంటి లోహపు భాగాలన్నిటినీ రాగి తీగతో ఒకదానికొకటి కలపడం కూడా అవసరం. నీటిలోని లైట్లు 12 వోల్టులవే వాడాలి. వాటి ట్రాన్స్‌ఫార్మర్ కొలనుకు దూరంగా, పొడి చోట ఉండాలి. ఆర్‌సీసీబీ మీది పరీక్ష బటన్‌ను నెలకోసారి నొక్కి చూడటానికి ఖర్చేమీ లేదు.

యజమాని వారాంతంలో వస్తాడు. రోజూ తడి కాళ్లతో ఆ స్విచ్ వేసేవాడు, బ్రష్ పట్టుకుని నీటిలోకి దిగేవాడు కాపలాదారు. ఎర్తింగ్ ఖర్చులో కోత పెట్టినప్పుడు కోతపడేది ఎవరి భద్రతకో తెలుస్తూనే ఉంది. కొలనులోకి దిగి శుభ్రం చేసే వేళ మెయిన్ ఆపడం నియమంగా పెట్టుకోవాలి.

అడుగున ఉన్న జాలీ

పంపు లాగే శక్తి ఎంతటిదో చాలామందికి అంచనా ఉండదు. కొలను అడుగున 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న డ్రెయిన్ ఒక్కటే ఉందనుకుందాం. దాని జాలీ ఊడిపోయింది. ఒక పిల్లవాడు ఆడుతూ దాని మీద కూర్చుని నోరు పూర్తిగా మూసివేశాడు. పంపు సగం వాతావరణ పీడనమంత లాగినా ఆ పిల్లవాడిని పట్టి ఉంచే బలం దాదాపు 160 కిలోలు. పెద్దవారు ఇద్దరు పట్టి లాగినా విడవదు.

అమెరికాలో 2002లో ఇదే జరిగింది. మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనుమరాలు, ఏడేళ్ల గ్రేమ్ బేకర్, నీటి తొట్టె అడుగున డ్రెయిన్‌కు అతుక్కుపోయి మునిగి చనిపోయింది. ఆ తల్లి చేసిన పోరాటంతో 2007 డిసెంబరులో అక్కడ చిన్నారి పేరిటే చట్టం వచ్చింది. ఆ ప్రమాణానికి తగినట్టు తయారైన ఉబ్బెత్తు జాలీలను వీజీబీ గుర్తుతో అమ్ముతారు.

ఇక్కడ కొత్తగా కట్టుకునేవారు అడుగున ఒకటి కాక రెండు డ్రెయిన్లు, వాటి మధ్య కనీసం ఒక మీటరు దూరం ఉండేలా పెట్టించుకోవాలి. రెంటినీ ఒకే పైపుకు కలపాలి. ఒకటి మూసుకుపోతే రెండోది నీరు ఇస్తుంది, పట్టు ఏర్పడదు. ఇప్పటికే ఒకే డ్రెయిన్ ఉన్న కొలనుల్లో ఉబ్బెత్తు జాలీ బిగించి, పిల్లలు నీటిలో ఉన్నంతసేపు ఆ డ్రెయిన్ వాల్వును మూసి, స్కిమ్మర్ మీదనే పంపును నడపడం తక్షణం చేయగలిగిన పని. జాలీ స్క్రూ ఒక్కటి ఊడినా అది బిగించే దాకా ఎవరినీ దిగనివ్వకూడదు. పంపు స్విచ్ ఎక్కడుందో ఇంట్లో పెద్దవారందరికీ తెలిసి ఉండాలి.

మందు వేసేటప్పుడు

పంపు ఎంత బాగా నడిచినా క్లోరిన్ లేని నీరు శుభ్రమైనది కాదు. లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల క్లోరిన్, 7.2 నుంచి 7.6 మధ్య పీహెచ్ ఉండాలి. పరీక్ష పెట్టెతో రెండూ నిమిషంలో తెలుస్తాయి. పైన చెప్పిన 43 వేల లీటర్ల కొలనులో 2 మిల్లీగ్రాములు పెంచాలంటే 90 శాతం టీసీసీఏ పొడి అయితే 100 గ్రాములకు కొంచెం తక్కువ, మూడో వంతు బలం ఉన్న బ్లీచింగ్ పౌడర్ అయితే 260 గ్రాములు పడుతుంది. బ్లీచింగ్ పౌడర్‌ను బకెట్ నీటిలో కలిపి, తేరిన నీరు మాత్రమే పోయాలి. అడుగున మిగిలే సున్నం ఫిల్టరు పాలిట శత్రువు. పొద్దు వాలిన తరువాత, పంపు నడుస్తుండగా వేస్తే మందు నీరంతటా కలుస్తుంది, ఎండకు ఎగిరిపోదు.

నీటిలో మందు వేయాలి గాని, మందు మీద నీరు పోయకూడదు. యాసిడ్, క్లోరిన్ రెండూ ఒకే బకెట్‌లో కలిస్తే విషవాయువు పుడుతుంది. టీసీసీఏను, బ్లీచింగ్ పౌడర్‌ను ఒకే చెంచాతో తీసినా మంట లేచే ప్రమాదం ఉంది. పంపు గొయ్యి వంటి ఇరుకు చోట ఈ పని చేసే మనిషికి పారిపోయే దారి కూడా ఉండదు.

2024, 2025 సంవత్సరాల్లో కేరళలో అమీబా వల్ల వచ్చే మెదడు వాపు కేసులు, మరణాలు నమోదయ్యాయి. వెచ్చని మంచినీటిలో ఉండే ఈ జీవి ముక్కు ద్వారా లోపలికి చేరుతుంది. సరైన మోతాదులో క్లోరిన్ ఉన్న నీటిలో అది బతకలేదు. పది రోజులుగా పంపు ఆగి, పచ్చబడ్డ నీటిలో ఫరవాలేదులే అని పిల్లలను దింపడం ఎందుకు కూడదో దీన్నిబట్టి గ్రహించవచ్చు. నిలిచిన నీటిలో దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా పట్టేది కూడా వారం పది రోజులే.

నీరు తగ్గుతోందా?

ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు కొలను నీరు రోజుకు ఆరేడు మిల్లీమీటర్లు ఆవిరి కావడం సహజం. 8 మీటర్లు, 4 మీటర్ల కొలనులో ఇది 200 లీటర్లకు పైమాటే. అంతకు మించి తగ్గుతోందన్న అనుమానం ఉంటే పలకలు తవ్వించే ముందు బకెట్ పరీక్ష చేయాలి. బకెట్‌ను కొలను నీటితో నింపి, సగానికి పైగా మునిగేలా మెట్టు మీద ఉంచి, లోపలి మట్టం, బయటి మట్టం గీతలు పెట్టాలి. ఒక రోజు పంపు ఆపి, మరో రోజు పంపు నడుపుతూ చూడాలి. రెండు మట్టాలూ సమంగా దిగితే అది ఎండ పని. కొలను మట్టం ఎక్కువ దిగితే లీకు ఉంది. పంపు నడిచిన రోజే ఎక్కువ దిగితే లీకు నెట్టే వైపు పైపులోనో, మల్టీపోర్ట్ గ్యాస్కెట్‌లోనో ఉంటుంది.

లీకు వెదకాలని వానాకాలంలో కొలనును పూర్తిగా ఖాళీ చేయించరాదు. నేల నీటితో ఉబ్బి ఉన్నప్పుడు ఖాళీ కొలను కింది నుంచి వచ్చే ఒత్తిడికి పగులుతుంది, ఒక్కోసారి పడవలా పైకి లేస్తుంది. చెరువుల దిగువన, నల్లరేగడి భూముల్లో ఉన్న కొలనులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. ఆ పనిని భూగర్భ జలం అడుగంటే ఏప్రిల్, మే నెలలకు వాయిదా వేసుకోవాలి. అంతవరకు గ్యాస్కెట్ మార్చి, ముల్లు అంకె రాసుకుని, రోజూ మట్టం గీత చూస్తూ ఉంటే సరిపోతుంది.